సింథటిక్ సెల్స్: రంగం ఎక్కడిదాకా వచ్చింది, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఏం చేయొచ్చు, ఉద్యోగాల సంగతేంటి?

కణశోధిని అడిగారు:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ మూడో సెమిస్టర్. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుకి సింథటిక్ సెల్స్ (కృత్రిమ కణాలు) తీసుకుందామనుకుంటున్నాను, గైడ్ మేడమ్ ఒప్పుకున్నారు. లిపిడ్ (కొవ్వు) పొర లోపల సెల్-ఫ్రీ ఎక్స్‌ప్రెషన్ (కణం లేకుండానే డీఎన్‌ఏ నుంచి ప్రొటీన్ చేయించడం) పెట్టి జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్) తయారయ్యేలా చేయడం వరకే, అంతకు మించి ఆశ లేదు. డిపార్ట్‌మెంట్‌లో ప్రోబ్ సోనికేటర్, కూలింగ్ సెంట్రిఫ్యూజ్, మైనస్ 80 ఫ్రీజర్, మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఉన్నాయి. ప్లేట్ రీడర్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉంది, అడిగితే ఇస్తారు. ప్యూర్ కిట్ (శుద్ధిచేసిన భాగాలతో ప్రొటీన్ తయారుచేసే కిట్) ఒక్కటి కొనేంత డబ్బే ఉంది. మాది సముద్రం పక్క ఊరు, తేమ ఎక్కువ. అది కూడా లెక్కలోకి వస్తుందేమో చెప్పండి.

"ల్యాబ్‌లో ప్రాణం పుట్టించారు" అని పేపర్లలో వచ్చేదానికీ అసలు పనికీ ఎంత దూరం? ఉన్న సామానుతో ఆరు నెలల్లో ఏది సాధ్యం? దీన్ని నమ్ముకుని పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా, లేక ప్రొఫెసర్ పోస్టు కోసం ఏళ్లూపూళ్లూ ఎదురుచూడాల్సిందేనా? ఇంట్లో ఈ చివరి ప్రశ్నే ఎక్కువగా అడుగుతున్నారు.

రైబో:

పేపర్లవాళ్లు రెండు వేరువేరు పనుల్ని ఒకే పేరుతో రాస్తారు. ముందు వాటిని విడదీసి చూడండి.

మొదటిది, బతికున్న కణం నుంచి అక్కర్లేనిది తీసేస్తూ పోవడం. 2010లో అమెరికాలోని క్రెయిగ్ వెంటర్ సంస్థవాళ్లు మైకోప్లాస్మా మైకాయిడీస్ జీనోమ్‌ని, సుమారు 10.8 లక్షల బేస్ జతలు, రసాయనికంగా తయారుచేసి, ఈస్ట్‌లో అతికించి, దాని దగ్గరి బంధువు మైకోప్లాస్మా కాప్రికోలమ్ కణంలోకి మార్చారు. జీనోమ్ మాత్రమే కొత్తది. పొర, రైబోజోములు, ఎంజైములు అన్నీ అప్పటికే బతికున్న కణానివే. 2016లో దాన్ని 473 జన్యువులకి, 531 వేల బేస్ జతలకి కుదించారు. అదే జేసీవీఐ-సిన్3.0. అందులో 149 జన్యువులు ఏం పని చేస్తాయో అప్పటికి ఎవరికీ తెలీదు. ఈ సంఖ్య దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లేకపోతే కణం చచ్చిపోయే, లేదా సరిగా పెరగని జన్యువుల్లో దాదాపు మూడోవంతు ఏం చేస్తున్నాయో తెలియకుండానే కణం నడుస్తోందన్నమాట.

సిన్3.0 విభజన సరిగ్గా జరగదు, పిల్ల కణాలు ఒక్కోటి ఒక్కో ఆకారంలో వస్తాయి. 19 జన్యువులు తిరిగి చేర్చిన సిన్3ఏ మామూలుగా విడిపోతుంది. ఆ 19లో విభజనకి నిజంగా కావాల్సినవి ఏడు అని 2021లో తేల్చారు. ఎఫ్‌టీఎస్‌జడ్, సెప్‌ఎఫ్ అనే విభజన జన్యువులు అందరూ ఊహించేవే. మిగతా ఐదింటిలో నాలుగు పొరకి అంటుకునే ప్రొటీన్లు, వాటి పనేంటో అప్పటికి తెలీదు. 2022లో ఇల్లినాయ్ యూనివర్సిటీ బృందం ఈ కణం మొత్తాన్ని కంప్యూటర్లో నడిపి చూపించింది. ప్రోగ్రామింగ్ మీద ఇష్టం ఉంటే అదీ ఒక దారే, గుర్తుంచుకోండి.

రెండోది, ప్రాణం లేని భాగాల నుంచి పైకి కట్టుకుంటూ రావడం. మీరు చేయబోయేది ఇదే. ఇందులో ఇప్పటిదాకా బతికున్న కణం ఎవరూ చేయలేదు. విడివిడి పనులు మాత్రం చాలా సాధించారు. 2004లో నోయిరో, లిబ్‌షాబెర్ వెసికల్ (లిపిడ్ పొరతో చేసిన సూక్ష్మమైన సంచి) లోపల ఆల్ఫా-హీమోలైసిన్ అనే ప్రొటీన్ రంధ్రాన్ని తయారుచేయించి, బయటి నుంచి పోషకాలు లోపలికి వెళ్లేలా చేసి, ఎక్స్‌ప్రెషన్‌ని నాలుగు రోజుల దాకా సాగదీశారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 2018లో ఫై29 అనే వైరస్ ప్రొటీన్లు లోపలే తయారై, వాటిని తయారుచేసిన డీఎన్‌ఏనే తిరిగి కాపీ చేశాయి. మిన్ ప్రొటీన్ల (బ్యాక్టీరియా ఎక్కడ విడిపోవాలో నిర్ణయించేవి) తరంగాలు, జన్యువుల నుంచి ఫాస్ఫోలిపిడ్ తయారీ, ఇవన్నీ వేరువేరు వెసికల్స్‌లో జరిగినవే.

చిక్కంతా కలపడంలోనే. ఫై29 పాలిమరేజ్ ఉదాహరణ చూడండి. ట్రాన్స్‌లేషన్‌కి (ప్రొటీన్ తయారీకి) కావాల్సినంత ఎన్‌టీపీలు (ఆర్‌ఎన్‌ఏకి ముడిసరుకు), టీఆర్‌ఎన్‌ఏ పోస్తే రెప్లికేషన్ (డీఎన్‌ఏ కాపీ) నెమ్మదిస్తుంది. అవి తగ్గిస్తే ట్రాన్స్‌లేషన్ పడిపోతుంది. ఒకే గదిలో రెండూ నడవాలంటే రెండింటికీ కొంత నష్టం తప్పదు. దాని పైన రైబోజోమ్ సమస్య ఉంది: 50కి పైగా ప్రొటీన్లు, మూడు ఆర్‌ఆర్‌ఎన్‌ఏలు, ఇవన్నీ సరైన వరుసలో ముడుచుకుని అతుక్కోవాలి. తన రైబోజోముల్ని తానే తగినంత తయారుచేసుకునే ప్యూర్ వ్యవస్థ వస్తే రంగం రూపమే మారిపోతుంది. నన్నడిగితే రాబోయే పదేళ్లలో అసలు పందెం అక్కడే.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో మిర్రర్ బ్యాక్టీరియా జోలికి వెళ్లవద్దని హెచ్చరించారు. అంటే ప్రొటీన్లు, డీఎన్‌ఏ అన్నీ అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉండే కణాలు. మన రోగనిరోధక వ్యవస్థ వాటిని సరిగా గుర్తించలేకపోవచ్చన్నది వాళ్ల భయం. రాసినవాళ్లలో సింథటిక్ సెల్స్ మీదే పనిచేసే కేట్ అడమాలా కూడా ఉన్నారు. మీ జీఎఫ్‌పీ వెసికల్‌కి దీంతో సంబంధం లేదు. కానీ ఇంటర్వ్యూల్లో భద్రత గురించి అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉండాలి.

ఎస్30:

ల్యాబ్ పని సంగతి నేను చెప్తాను. కిట్ ఒక్కటే కాబట్టి దాన్ని మొదటి నాలుగు నెలలు ముట్టుకోకండి. సొంతంగా ఈ.కోలై లైసేట్ (బ్యాక్టీరియాని పగలగొట్టి తీసిన రసం) చేసుకుని చేయి తిరిగేదాకా దాంతోనే పనిచేయండి.

స్ట్రెయిన్ బీఎల్21 స్టార్ డీఈ3. మీడియం 2xవైటీపీజీ: లీటరుకి ట్రిప్టోన్ 16 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10, ఉప్పు 5, డైపొటాషియం ఫాస్ఫేట్ 7, మోనోపొటాషియం ఫాస్ఫేట్ 3, గ్లూకోజ్ 18. గ్లూకోజ్‌ని విడిగా ఆటోక్లేవ్ చేసి కలపాలి, లేకపోతే మీడియం గోధుమ రంగుకి తిరుగుతుంది. ఓడీ (కణాలు ఎంత చిక్కగా పెరిగాయో చూపే కొలత) 0.6 దగ్గర 1 మిల్లీమోలార్ ఐపీటీజీ వేయండి, టీ7 పాలిమరేజ్ అక్కడే తయారైపోతుంది, విడిగా కొననక్కర్లేదు. ఓడీ 3 దగ్గర ఆపి వెంటనే ఐస్‌లో పెట్టండి. చాలామంది రాత్రంతా వదిలేసి పొద్దున్నే తీస్తారు. స్టేషనరీ దశకి వెళ్లిన కణాల్లో రైబోజోములు తగ్గిపోతాయి, లైసేట్ పనిచేయదు.

చల్లటి ఎస్30 బఫర్‌తో మూడుసార్లు కడగండి: ట్రిస్ అసిటేట్ 10 మిల్లీమోలార్ పీహెచ్ 8.2, మెగ్నీషియం అసిటేట్ 14, పొటాషియం అసిటేట్ 60, డీటీటీ 2. తర్వాత గ్రాము పెల్లెట్‌కి 1 మిల్లీలీటర్ బఫర్. సోనికేషన్ 45 సెకన్లు ఆన్, 59 సెకన్లు ఆఫ్, మూడు సార్లు, ట్యూబ్ ఐస్ నీళ్లలో మునిగి ఉండాలి. ఉత్త ఐస్ ముక్కల్లో గుచ్చితే ట్యూబ్ చుట్టూ గాలి ఉండిపోయి వేడెక్కుతుంది. ద్రవం చిక్కటి పాలలా ఉన్నది కాస్త పల్చబడి, గోధుమ ఛాయలోకి వస్తే సరిపోయినట్టు. నురుగు వస్తే ప్రోబ్ పైకి ఉందని అర్థం, ప్రొటీన్లు పాడవుతాయి. 12,000 జీ, 4 డిగ్రీలు, 10 నిమిషాలు తిప్పి పైది మాత్రమే తీసుకుని, చిన్న చిన్న ట్యూబుల్లో పోసి లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించవద్దు.

రియాక్షన్ 15 మైక్రోలీటర్లు, అందులో లైసేట్ మూడోవంతుకి మించకుండా. మిగతాది: ఏటీపీ 1.2 మిల్లీమోలార్, మిగతా మూడు ఎన్‌టీపీలు 0.85 చొప్పున, ఇరవై అమైనో ఆమ్లాలు 2 చొప్పున, పీఈపీ (శక్తినిచ్చేది) 33, ఎన్‌ఏడీ 0.33, కోఎంజైమ్-ఏ 0.27, ఆక్సాలిక్ ఆమ్లం 4, స్పెర్మిడిన్ 1.5, పుట్రెసిన్ 1, హెపెస్ 57, పొటాషియం గ్లూటమేట్ 130, అమ్మోనియం గ్లూటమేట్ 10, టీఆర్‌ఎన్‌ఏ మిల్లీలీటరుకి 170 మైక్రోగ్రాములు, ఫోలినిక్ ఆమ్లం 34 మైక్రోగ్రాములు. 30 డిగ్రీల దగ్గర రాత్రంతా.

మెగ్నీషియం గ్లూటమేట్ మాత్రం చూసి వేసే అంకె కాదు. ప్రతి కొత్త లైసేట్‌కీ 6 నుంచి 16 మిల్లీమోలార్ దాకా రెండేసి చొప్పున పెంచుతూ ఆరు రియాక్షన్లు పెట్టాల్సిందే. ఎన్‌టీపీలు మెగ్నీషియాన్ని పట్టేసుకుంటాయి, పీఈపీ ఖర్చయ్యేకొద్దీ విడుదలయ్యే ఫాస్ఫేట్ కూడా దాన్ని లాగేస్తుంది. రెండు మిల్లీమోలార్ తేడాకే జీఎఫ్‌పీ సగానికి పడిపోవచ్చు. "లైసేట్ చచ్చిపోయింది" అని పారేసేవాటిలో చాలావరకు మెగ్నీషియం కుదరనివే.

ప్లాస్మిడ్ దగ్గర రెండు ప్రమాదాలు. మినీప్రెప్ కిట్ మొదటి బఫర్‌లో ఆర్‌ఎన్‌ఏజ్-ఏ ఉంటుంది, దాని జాడ మిగిలితే ఎంఆర్‌ఎన్‌ఏ నిలవదు. మినీప్రెప్ తర్వాత ఫినాల్-క్లోరోఫామ్ చేసి, ఇథనాల్‌తో దించి, నీళ్లలో కరిగించండి. ఇల్యూషన్ బఫర్‌లో ఈడీటీఏ ఉంటే అది మెగ్నీషియాన్ని తినేస్తుంది. పీసీఆర్ ముక్కని నేరుగా వాడదామనుకుంటే లైసేట్‌లో రెక్‌బీసీడీ అనే ఎంజైము దాన్ని కొరికేస్తుంది, ఆ ఎంజైముని ఆపే గామ్‌ఎస్ ప్రొటీన్ కలపాలి. ప్యూర్‌లో ఆ బెడద లేదు, పీసీఆర్ ముక్క అలాగే వాడొచ్చు.

జీఎఫ్‌పీ వెలగాలంటే ఆక్సిజన్ కావాలి. 15 మైక్రోలీటర్లని సన్నటి పీసీఆర్ ట్యూబ్‌లో కాకుండా 1.5 లేదా 2 మిల్లీలీటర్ల ట్యూబ్ అడుగున పల్చగా పరిస్తే వెలుగు తేడా కళ్లకే కనిపిస్తుంది.

పొర:

ఎస్30 గారు చెప్పినదాంట్లో ఒక్క విషయంలో నా మాట వేరు. కిట్‌ని నాలుగు నెలలు దాచమనడం బాగుంది, కానీ వెసికల్స్ పని కూడా అప్పటిదాకా ఆపకండి. రెండూ మొదటి వారం నుంచే సమాంతరంగా నడవాలి. వెసికల్స్ నేర్చుకోవడానికి ప్యూర్ అక్కర్లేదు, శుద్ధిచేసిన జీఎఫ్‌పీ గానీ కాల్సీన్ అనే వెలిగే రంగు గానీ చక్కెరలో కలిపి లోపల పెట్టి చూడండి. అది నిలకడగా వచ్చాకే ఎక్స్‌ప్రెషన్.

మీ సామానుకి సరిపడేది ఎమల్షన్ బదిలీ పద్ధతి. పీఓపీసీ లిపిడ్ క్లోరోఫామ్‌లో వస్తుంది. మిల్లీలీటరుకి 25 మిల్లీగ్రాములది అయితే 30 మైక్రోలీటర్లు తీసుకోండి, 1 మిల్లీలీటర్ మినరల్ ఆయిల్‌లో సుమారు 1 మిల్లీమోలార్ అవుతుంది. గాజు సీసా, గాజు సిరంజి తప్పనిసరి. ప్లాస్టిక్ టిప్‌తో క్లోరోఫామ్ ముట్టుకుంటే ప్లాస్టిక్ కరిగి లిపిడ్‌లో కలుస్తుంది. నైట్రోజన్ ఊది ఆరబెట్టి, గంటసేపు వాక్యూమ్‌లో ఉంచి, ఆయిల్ పోసి, 60 డిగ్రీల బాత్ సోనికేటర్‌లో గంట పెట్టండి. మీరు తేమ గురించి అడిగారు కదా, అది ఇక్కడే దెబ్బ కొడుతుంది. ఆయిల్‌లోకి నీటి తేమ చేరితే లిపిడ్ అంచుకి రాకుండా ఆయిల్‌లోనే ముద్ద కడుతుంది, వెసికల్స్ సంఖ్య పడిపోతుంది. చల్లారేదాకా సీసాని డెసికేటర్‌లో ఉంచి ఆ రోజే వాడేయండి. వానాకాలంలో ఫలితాలు ఊగిసలాడితే ముందు ఇదే అనుమానించండి.

1.5 మిల్లీలీటర్ల ట్యూబ్‌లో బయటి ద్రవం 300 మైక్రోలీటర్లు, దానిపై లిపిడ్ ఆయిల్ 250, కదపకుండా 20 నిమిషాలు. ఆ సమయంలో అంచు మీద లిపిడ్ పొర పరుచుకుంటుంది. వేరే ట్యూబ్‌లో లిపిడ్ ఆయిల్ 250, లోపలి ద్రవం 10 మైక్రోలీటర్లు. ట్యూబ్ స్టాండు గళ్ల మీద ఆ ట్యూబ్‌ని గరగరా పది పదిహేను సార్లు రాయండి, పాలలా తెల్లబడాలి. దాన్ని మొదటి ట్యూబ్‌లో పైన పోసి, 4 డిగ్రీల దగ్గర 6,000 జీలో 15 నిమిషాలు తిప్పండి. చలి ఎందుకంటే రియాక్షన్ అప్పుడే మొదలవకూడదు. తర్వాత పైనున్న ఆయిల్ మొత్తం తీసేసి, టిప్ మార్చి, అడుగు నుంచి వెసికల్స్ తీసుకోండి. టిప్ మార్చకపోతే ఆయిల్ చుక్కలు కూడా వస్తాయి, మైక్రోస్కోప్ కింద వాటిని వెసికల్స్ అనుకుని మోసపోతారు.

లోపల 200 మిల్లీమోలార్ సుక్రోజ్, బయట గ్లూకోజ్. సుక్రోజ్ బరువు కాబట్టి వెసికల్స్ కిందికి దిగుతాయి. ప్యూర్ 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 2 మోలార్ సుక్రోజ్ 2.5 మైక్రోలీటర్లు వేస్తే సరిపోతుంది. బయటి ద్రవంలో గ్లూకోజ్ ఒక్కటే ఉంటే చాలదు. ప్యూర్‌లోని లవణాలు, చిన్న అణువులు బయట కూడా ఉండాలి: హెపెస్ 50, పొటాషియం గ్లూటమేట్ 100, మెగ్నీషియం అసిటేట్ 13, క్రియాటిన్ ఫాస్ఫేట్ 20, ఏటీపీ, జీటీపీ 2 చొప్పున, మిగతా రెండు ఎన్‌టీపీలు 1 చొప్పున, అమైనో ఆమ్లాలు 0.3 చొప్పున, అన్నీ మిల్లీమోలార్లలో. ఇవన్నీ కలిపాక లోపలిదీ బయటిదీ ఆస్మోమీటర్‌లో కొలిచి, గ్లూకోజ్‌తో సరిచేయండి. కాగితం మీద లెక్కేస్తే కుదరదు, కిట్‌లో ఏది ఎంత ఉందో కంపెనీ పూర్తిగా చెప్పదు. ఆస్మోమీటర్ మీ దగ్గర లేకపోతే ఫార్మసీ కాలేజీల్లో, పెద్దాసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఉంటుంది. బయట 10–20 మిల్లీఆస్మోల్ ఎక్కువున్నా ఫర్వాలేదు, వెసికల్స్ కాస్త వదులుగా ఉంటాయి. తక్కువుంటే నీళ్లు లోపలికి దూరి పగిలిపోతాయి.

గాజు స్లైడ్ మీద నేరుగా వేస్తే వెసికల్స్ అంటుకుని చితికిపోతాయి. మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాముల బీఎస్‌ఏ ప్రొటీన్ ద్రావణం పోసి అరగంట ఉంచి కడిగి వాడండి.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది కంట్రోల్. వెసికల్ లోపల వెలుగు కనిపించినంత మాత్రాన ఎక్స్‌ప్రెషన్ లోపలే జరిగిందని రుజువు కాదు. కొన్ని వెసికల్స్ సెంట్రిఫ్యూజ్‌లో పగిలి రియాక్షన్ బయటికి వస్తుంది, బయట కూడా జీఎఫ్‌పీ తయారవుతుంది. తిప్పిన వెంటనే బయటి ద్రవంలో ఆర్‌ఎన్‌ఏజ్-ఏ గానీ ప్రొటీనేజ్-కె గానీ వేయండి. బయటి రియాక్షన్ ఆగిపోతుంది, పొర బాగున్న వెసికల్స్ లోపల సాగుతుంది. డీఎన్‌ఏ లేని వెసికల్స్ కూడా అదే రోజు, అదే ఎక్స్‌పోజర్‌తో ఫోటో తీయాలి. ఈ రెండూ లేని చిత్రం థీసిస్‌లో ఉంటే వైవాలో మొదటి ప్రశ్న అదే.

కణశోధిని:

రైబో గారు, ఎస్30 గారు, పొర గారు, చాలా చాలా థ్యాంక్స్ అండీ. రెండు సందేహాలు. లైసేట్‌నే వెసికల్స్‌లో పెట్టేస్తే ప్యూర్ ఖర్చు మిగులుతుంది కదా? ఇంకోటి, చాలా పేపర్ల చిత్రాల్లో కొన్ని వెసికల్స్ బాగా వెలుగుతాయి, పక్కనే ఉన్నవి చీకటిగా ఉంటాయి. అది చేసినవాళ్ల లోపమా, సహజమా?

పొర:

లైసేట్ పెట్టొచ్చు, 2004 నాటి నోయిరో, లిబ్‌షాబెర్ పని ఈ.కోలై ఎక్స్‌ట్రాక్ట్‌తోనే చేశారు. కాకపోతే లైసేట్‌లో కణాల పొర తునకలు, రకరకాల ఎంజైములు ఉంటాయి. వెసికల్ పగిలితే లిపిడ్ తప్పా, ఆస్మాటిక్ తేడానా, లైసేట్ పనా అన్నది తేల్చడం కష్టం. మొదటిసారి చేసేవాళ్లకి తెలియని అంశాలు తక్కువగా ఉండటమే మంచిది. ప్యూర్‌తో వచ్చాక అదే లైసేట్‌తో పోల్చి చూపితే అది ప్రాజెక్టులో ఒక అధ్యాయం అవుతుంది.

రెండోదానికి లెక్క ఉంది. 1 నానోమోలార్ అంటే ఘన మైక్రోమీటరుకి 0.6 అణువు. మూడు కిలోబేస్‌ల ప్లాస్మిడ్ మైక్రోలీటరుకి 10 నానోగ్రాములు వేస్తే సుమారు 5 నానోమోలార్. 10 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న వెసికల్ ఘనపరిమాణం 524 ఘన మైక్రోమీటర్లు, అంటే 1,500 పైచిలుకు కాపీలు. అక్కడ డీఎన్‌ఏ కొరత ఉండదు. అదే 2 మైక్రోమీటర్ల వెసికల్‌లో 4.2 ఘన మైక్రోమీటర్లే, 12–13 కాపీలు. డీఎన్‌ఏని 1 నానోమోలార్‌కి తగ్గిస్తే అందులో సగటున రెండున్నర, పాయిసన్ సంభావ్యత లెక్కన నూటికి ఎనిమిదింట్లో ఒక్కటీ ఉండదు. కాబట్టి చిన్న వెసికల్స్ చీకటిగా ఉంటే సహజం. 10 మైక్రోమీటర్లవి కూడా సగం చీకటిగా ఉంటే మాత్రం కారణం డీఎన్‌ఏ కాదు. లోపలి ద్రవం బయటికి కారిపోయి ఉండాలి, లేదా రియాక్షన్ భాగాలు ఎమల్షన్‌లో ఆయిల్ అంచుకి అంటుకుపోయి ఉండాలి. మీ గ్రాఫ్‌లో వ్యాసం ఒక అక్షం, వెలుగు ఇంకో అక్షం పెట్టి ప్రతి వెసికల్‌నీ చుక్కగా చూపండి. సగటు ఒక్కటే ఇస్తే ఈ కథంతా కనిపించదు. చిత్రాల్లో వెలుగు కొలిచే ఫీజీ సాఫ్ట్‌వేర్ ఉచితం, కన్ఫోకల్ లేకపోయినా మామూలు మైక్రోస్కోప్‌తో ఈ పని చేయొచ్చు, పెద్ద వెసికల్స్‌కి ఫోకస్ బయటి వెలుగు ఎక్కువగా పడుతుందని ఒక్క వాక్యం రాస్తే చాలు.

భాగ్యనగర్_బయో:

ఇంట్లోవాళ్ల ప్రశ్నకి సూటిగా చెప్తాను. "సింథటిక్ సెల్ సైంటిస్ట్" అని ఉద్యోగ ప్రకటన మన దగ్గర దాదాపు కనబడదు. కాబట్టి ఆ పేరు వెతకొద్దు. ఈ పనిలో చేతికి వచ్చే విద్యలు నాలుగైదు ఉన్నాయి, ఒక్కోదానికీ వేరే సంత ఉంది. పీహెచ్‌డీ ఎక్కడ చేసినా అందులో కనీసం రెండు గట్టిగా పట్టాలి.

లిపిడ్ పని తెలిసినవాళ్లకి మన దగ్గరే గిరాకీ ఎక్కువ. లైపోజోమల్ ఇంజెక్షన్లు చాలా భారతీయ కంపెనీలు చేస్తున్నాయి. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకి లిపిడ్ నానోపార్టికల్స్ కావాలి: పుణెలో జెన్నోవా 2022లో అనుమతి తెచ్చుకుంది, హైదరాబాద్ బయొలాజికల్-ఇ ని అదే ఏడాది డబ్ల్యూహెచ్‌ఓ ఎంఆర్‌ఎన్‌ఏ టెక్నాలజీ బదిలీకి ఎంపిక చేసింది. కానీ ఇంటర్వ్యూలో జెయింట్ వెసికల్స్ బొమ్మలు చూపిస్తే సరిపోదు. సైజు కొలిచే డీఎల్‌ఎస్, ఎన్‌క్యాప్సులేషన్ శాతం, నిల్వలో ఎన్ని నెలలు నిలుస్తుంది, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా, ఇవి అడుగుతారు. ప్రాజెక్టులోనే ఒక చిన్న భాగంగా 100 నానోమీటర్ల లైపోజోములు ఎక్స్‌ట్రూడర్‌తో చేసి డీఎల్‌ఎస్ పెట్టించండి, ఫార్మసీ కాలేజీలో అయిపోతుంది.

సెల్-ఫ్రీ వైపు ఉద్యోగాలు ఎక్కువగా బయట దేశాల్లో. కాలిఫోర్నియాలో సూట్రో బయోఫార్మా యాంటీబాడీ మందుల్ని ఈ.కోలై ఎక్స్‌ట్రాక్ట్‌తో పెద్ద ఎత్తున చేసి చూపింది. జర్మనీలో లెనియోబయో పొగాకు కణాల లైసేట్ అమ్ముతుంది. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో న్యూక్లెరా ప్రొటీన్లని వేగంగా పరీక్షించే యంత్రం అమ్ముతుంది. జపాన్‌లో జీన్‌ఫ్రాంటియర్ ప్యూర్‌ఫ్రెక్స్ అనే ప్యూర్ కిట్ చేస్తుంది. మన దగ్గర దగ్గరి చుట్టం రీకాంబినెంట్ ప్రొటీన్ తయారీ, ఎంజైములు, ఫెర్మెంటేషన్. బెంగళూరులో లారస్ బయో లాంటివి, జీనోమ్ వ్యాలీలో బయొలాజిక్స్ కంపెనీలు. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన బయోఈ3 విధానం కూడా బయోమాన్యుఫ్యాక్చరింగ్ వైపే మొగ్గు చూపుతోంది.

పీహెచ్‌డీ విషయానికొస్తే, మన దేశంలో ఈ పేరుతో పెద్ద కార్యక్రమం వెతక్కుండా దగ్గరి ల్యాబులు చూడండి. ఐఐఎస్ఈఆర్ పుణెలో సుధా రాజమణి గారి బృందం జీవం పుట్టుక, ప్రోటోసెల్ పొరల మీద పనిచేస్తుంది. సీసీఎంబీ, ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీలో పొరల బయోఫిజిక్స్, ట్రాన్స్‌లేషన్, సైటోస్కెలెటన్ మీద పనిచేసేవాళ్లు ఉన్నారు, అక్కడి నుంచి ఈ రంగానికి మళ్లడం సులువు. సీఎస్‌ఐఆర్ నెట్ జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్ పరీక్ష) తప్పకుండా రాయండి. 2023 జనవరి నుంచి నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్‌కి 42,000, పైన హెచ్ఆర్ఏ. జేఆర్ఎఫ్ చేతిలో ఉంటే ల్యాబ్ ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది. అందుకే దాన్ని అంత నొక్కి చెప్తున్నాను.

యూరప్‌లో ఈ రంగం అందరికన్నా బలంగా ఉంది. నెదర్లాండ్స్‌లో 2017 నుంచి బేసిక్ అనే కూటమి నడిచింది, దాని తర్వాత ఈవోల్ఫ్ వచ్చింది. వాగెనింగెన్‌లో సిద్ధార్థ్ దేశ్‌పాండే ఉన్నారు, ఆక్టనాల్ వాడి మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లో ఒకే సైజు వెసికల్స్ చేసే పద్ధతిని 2016లో డెల్ఫ్ట్‌లో ఉండగా తీసుకొచ్చింది ఆయన, ఆయన సహచరులే. అక్కడ పీహెచ్‌డీ అంటే నాలుగేళ్ల ఉద్యోగం, జీతం వస్తుంది, ఫీజు ఉండదు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ స్కూల్ మ్యాటర్ టు లైఫ్ సరిగ్గా ఈ విషయానికే పెట్టింది, మాస్టర్స్ నుంచి పీహెచ్‌డీ దాకా ఒకే దారి, స్టైపెండ్‌తో, బోధన ఇంగ్లిష్‌లోనే. మార్టిన్స్‌రీడ్‌లో పెట్రా ష్విల్లే ల్యాబ్ మిన్ వ్యవస్థకి పేరుపడింది. అమెరికాలో మినెసోటాలో అడమాలా ల్యాబ్. బిల్డ్-ఎ-సెల్ అనే బహిరంగ సమాజం కూడా ఉంది, వాళ్ల మీటింగులు ఆన్‌లైన్‌లో చూడొచ్చు, ఎవరు ఏం చేస్తున్నారో అక్కడే తెలుస్తుంది.

ప్రొఫెసర్లకి మెయిల్ రాసేటప్పుడు "మీ పరిశోధన చూసి స్ఫూర్తి పొందాను" అని మొదలుపెట్టకండి, అలాంటివి రోజూ వస్తాయి. వాళ్ల ఈ మధ్య పేపర్లో ఒక్క ప్రయోగం తీసుకుని, మీరైతే తర్వాత ఏ కంట్రోల్ పెడతారో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి. కింద మీ మెగ్నీషియం గ్రాఫ్, ఆర్‌ఎన్‌ఏజ్ కంట్రోల్ చిత్రం ఒకే పేజీలో జతచేయండి. మార్కుల జాబితా కన్నా ఆ పేజీ మీ గురించి ఎక్కువ చెప్తుంది.

ఎస్30:

పొర గారి మాట ఒప్పుకుంటాను, వెసికల్స్ మొదటి వారం నుంచే మొదలుపెట్టండి. కిట్ గురించి ఒక్కటి మిగిలింది. ప్యూర్‌ఎక్స్‌ప్రెస్ అనే ప్యూర్ కిట్ చిన్న ప్యాక్‌లో 25 మైక్రోలీటర్ల రియాక్షన్లు పదే. రియాక్షన్‌కి ‘ఏ’ అని రాసి ఉన్న ద్రావణం 10 మైక్రోలీటర్లు, ‘బీ’ ద్రావణం 7.5, ఆర్‌ఎన్‌ఏజ్ ఇన్హిబిటర్ 20 యూనిట్లు, డీఎన్‌ఏ, నీళ్లు, మీ విషయంలో సుక్రోజ్ కూడా. వరుస ముఖ్యం: ‘బీ’ ని ఎప్పుడూ ‘ఏ’ లోనే కలపాలి, ముందుగా నీళ్లలో పల్చన చేస్తే అందులోని ప్రొటీన్లు, రైబోజోములు దెబ్బతింటాయి. ‘ఏ’ ద్రావణం కాస్త మబ్బుగా ఉంటే కంగారు పడకండి, అలాగే పనిచేస్తుంది. కిట్ వచ్చిన రోజే ట్యూబ్‌లో పూర్తి 25తో ఒక్క రియాక్షన్ పెట్టి, పనిచేస్తుందని చూసుకోండి. దిగుమతి దారిలో డ్రై ఐస్ అయిపోయి కరిగి మళ్లీ గడ్డకట్టి ఉంటే ఆరోజే తెలుస్తుంది, సప్లయర్‌ని అడగడానికీ ఆధారం ఉంటుంది. ఆ వెంటనే మిగతాదాన్ని ఒక్కో ప్రయోగానికి సరిపడేంత చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80లో పెట్టండి. ఒక రియాక్షన్ నుంచి వెసికల్స్‌కి 10 మైక్రోలీటర్ల చొప్పున రెండుసార్లు వస్తుంది, మిగిలిన 5 ట్యూబ్‌లో పాజిటివ్ కంట్రోల్. మిగిలిన తొమ్మిది రియాక్షన్లతో పద్దెనిమిది ఎన్‌క్యాప్సులేషన్లు. అందులో సగం కంట్రోల్స్‌కి పోతాయని ముందే లెక్కేసుకుని తేదీలు రాసుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి మీ ఊరికి కొరియర్ శని, ఆదివారాల్లో ఆగిపోకుండా వారం మొదట్లో చేరేలా ఆర్డర్ పెట్టించండి.